ఒకే యంత్రం మీద అనేక డేటాబేస్ సర్వర్లు

నడుస్తున్న డేటాబేస్ సర్వర్ ప్రోగ్రామ్ ఒక్కొక్కదాన్నీ ఇన్‌స్టాన్స్ అంటారు. ఒకే కంప్యూటర్‌లో రెండు ఇన్‌స్టాన్స్‌లు నడవాలంటే డేటా ఫైళ్లు, మెమరీ, పోర్టు నంబరు దేనికది వేరుగా ఉండాలి. యూనిక్స్ యంత్రాల్లో ఇది ముందునుంచీ ఉన్న పద్ధతే. ఒరాకిల్ ప్రతి ఇన్‌స్టాన్స్‌నూ ఎస్‌ఐడీ అనే పేరుతో గుర్తిస్తుంది. 1995లో మొదలైన మైఎస్‌క్యూఎల్ మామూలుగా 3306 పోర్టును వాడుతుంది. రెండో సర్వర్‌కు వేరే పోర్టు, వేరే సాకెట్ ఫైలు, వేరే డేటా డైరెక్టరీ ఇస్తే అది విడిగా నడుస్తుంది.

విండోస్‌లో మైక్రోసాఫ్ట్ ఎస్‌క్యూఎల్ సర్వర్ 7.0 వరకు యంత్రానికి ఒక్క ఇన్‌స్టాన్సే. 2000 వెర్షన్ ఈ హద్దును తీసేసింది. ఆ వెర్షన్‌లో ఒక యంత్రం మీద 16 ఇన్‌స్టాన్స్‌ల దాకా నడపగలిగేవారు. దీనివల్ల పాత వెర్షన్ పక్కనే కొత్తదాన్ని పరీక్షించడం, రెండు విభాగాల డేటాకు వేర్వేరు నిర్వాహకులను పెట్టడం, కొత్త యంత్రం కొనకుండానే సాధ్యమయ్యాయి. అయితే ప్రాసెసర్, డిస్కు ఉమ్మడివే. ఒక ఇన్‌స్టాన్స్ మెమరీకి పరిమితి పెట్టకపోతే మిగిలినవి నెమ్మదించేవి.

అసలు చిక్కు చిరునామాతో వచ్చింది. పేరులేని మొదటి ఇన్‌స్టాన్స్ 1433 టీసీపీ పోర్టులో ఉంటుంది. పేరున్నవి మామూలుగా మొదలైనప్పుడు ఖాళీగా ఉన్న పోర్టును ఎంచుకుంటాయి. ఏది ఏ పోర్టులో ఉందో చెప్పడానికి 1434 యూడీపీ పోర్టులో ఒక సేవను ఏర్పాటు చేశారు. దానిలోని బఫర్ లోపానికి 2002 జులైలోనే మైక్రోసాఫ్ట్ సవరణ విడుదల చేసినా, ఎన్నో యంత్రాల్లో దాన్ని వేయలేదు.

2003 జనవరి 25న స్లామర్ అనే వార్మ్ ఆ లోపం గుండానే చొరబడింది. దాని పరిమాణం 376 బైట్లు, ఒకే ఒక్క యూడీపీ ప్యాకెట్. అవతలి యంత్రం జవాబు కోసం ఆగాల్సిన పని లేకపోవడంతో తొలి నిమిషంలో సోకిన యంత్రాల సంఖ్య సుమారు 8.5 సెకన్లకోసారి రెట్టింపైంది. లోపమున్న యంత్రాల్లో 90 శాతం పది నిమిషాల్లోనే దాని బారిన పడ్డాయి. మొత్తం కనీసం 75,000 యంత్రాలకు సోకింది. దక్షిణ కొరియాలో ఇంటర్నెట్ స్తంభించింది, అమెరికాలో బ్యాంకు ఏటీఎంలు ఆగాయి. ఆ వార్మ్ డేటాను చెరపలేదు. అది పుట్టించిన ట్రాఫిక్కే ఇంత నష్టం చేసింది.

2005 వెర్షన్‌లో ఆ సేవను ఎస్‌క్యూఎల్ సర్వర్ బ్రౌజర్ పేరుతో విడదీశారు. దాన్ని ఆపేసి, ప్రతి ఇన్‌స్టాన్స్‌కూ స్థిరమైన పోర్టు కేటాయించే వీలుంది. ఈలోగా వర్చువల్ మెషిన్లు, 2013 తర్వాత డాకర్ కంటైనర్లు ఒకే యంత్రం మీద సర్వర్లను విడివిడిగా నడిపే అవసరాన్ని మరో దారిలో తీర్చాయి. 2017లో లినక్స్‌పైకి వచ్చిన ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో పేరున్న ఇన్‌స్టాన్స్‌లకు చోటే లేదు. అక్కడ ఒకే యంత్రం మీద అనేక సర్వర్లు కావాలంటే ఒక్కోదాన్ని ఒక్కో కంటైనర్‌లో నడపాలి.