పల్నాటి బాలచంద్రుడు: సినిమాలో వీరుడి తొలికథ

బాలచంద్రుడు పల్నాటి వీరగాథలో బ్రహ్మనాయుడి కొడుకు. ఆటపాటల్లో మునిగిన కుర్రవాడు కత్తి పట్టి రణరంగానికి చేరడం ఆ గాథలో ప్రసిద్ధమైన ఘట్టం. మామూలు మనిషి వీరుడిగా మారే తీరును చెప్పే సూపర్ హీరో సినిమాలకు తెలుగులో దీన్ని పాత పోలికగా చూడవచ్చు. ‘పల్నాటి యుద్ధం’ పేరుతో 1947లో, 1966లో వచ్చిన రెండు చిత్రాల్లోనూ బాలచంద్రుడు ముఖ్యపాత్రే.

మూలగాథ

గురజాల, మాచర్ల రాజ్యాల మధ్య 12వ శతాబ్ది చివర జరిగిన దాయాదుల పోరు ఈ గాథకు ఆధారం. గురజాలలో నలగామరాజు పక్షాన నాయకురాలు నాగమ్మ, మాచర్లలో మలిదేవుడి పక్షాన బ్రహ్మనాయుడు చక్రం తిప్పారు. కోడిపందెంలో ఓడిన మాచర్ల పక్షం ఏడేళ్లు వలస పోయింది. గడువు తీరాక రాయబారం వెళ్లిన అలరాజు హతుడు కావడంతో కారంపూడి దగ్గర యుద్ధం తప్పలేదు.

ఈ కథను పల్నాటిలో వీరవిద్యావంతులనే గాయకులు తరతరాలుగా పాడుతున్నారు. శ్రీనాథుడి రచనగా ప్రసిద్ధమైన ద్విపద ‘పల్నాటి వీరచరిత్ర’ను అక్కిరాజు ఉమాకాంతం పరిష్కరించి 1911లో అచ్చువేయించారు. గాయకుడు అలిశెట్టి గాలెయ్య పాడిన కథ ఆధారంగా జీన్ రోఘేర్ చేసిన ఆంగ్ల గ్రంథం 1982లో వెలువడింది.

వీరుడు తయారైన తీరు

పెద్దలంతా యుద్ధానికి కదిలినా, తల్లి ఐతాంబ కొడుకుకు ఆ సంగతి తెలియనివ్వదు. అతడు తమ్ముళ్లతో బొంగరాలాడుతుండగా బొంగరం ములికి అన్నమ్మ అనే వైశ్య స్త్రీ కాలికి గుచ్చుకుంటుంది. అయినవాళ్లు పోరుకు పోతే నువ్వు ఆటలాడుతున్నావా అని ఆమె ఎత్తిపొడవడంతో అతడికి విషయం తెలుస్తుంది. తల్లిని ఒప్పిస్తాడు. అప్పటిదాకా వేశ్య శ్యామాంగి ఇంట గడిపినవాడు భార్య మాంచాల దగ్గరకు వెళతాడు; ఆమె అతడిని యుద్ధానికే సాగనంపుతుంది. వెంట వస్తున్న బ్రాహ్మణ మిత్రుడు అనపోతును ఒక నెపంతో వెనక్కి పంపితే, మోసం తెలుసుకున్న అనపోతు ప్రాణం తీసుకుంటాడు. బాలచంద్రుడు కారంపూడిలో పోరాడి నేలకొరుగుతాడు.

ఈ వరసలో దైవం ఇచ్చిన మహిమకన్నా మనుషుల మాటలకే బలం ఎక్కువ. ఎత్తిపొడుపు, తల్లి భయం, భార్య అనుమతి, మిత్రుడి చావు ఒక్కొక్కటీ అతడిని ముందుకు నెడతాయి.

తెర మీద

1947 చిత్రాన్ని గూడవల్లి రామబ్రహ్మం మొదలుపెట్టారు. 1946లో ఆయన మరణించడంతో ఎల్.వి.ప్రసాద్ పూర్తి చేశారు. బ్రహ్మనాయుడిగా గోవిందరాజుల సుబ్బారావు, నాగమ్మగా కన్నాంబ, బాలచంద్రుడిగా యువకుడైన అక్కినేని నాగేశ్వరరావు, మాంచాలగా ఎస్.వరలక్ష్మి నటించారు. ‘మాలపిల్ల’ (1938) తీసిన రామబ్రహ్మానికి, అన్ని కులాలనూ ఒకే పంక్తిలో కూర్చోబెట్టిన బ్రహ్మనాయుడి చాపకూడు కథ నచ్చడం సహజమే. 1966 చిత్రానికి గుత్తా రామినీడు దర్శకుడు. బ్రహ్మనాయుడిగా ఎన్.టి.రామారావు, నాగమ్మగా భానుమతి, బాలచంద్రుడిగా హరనాథ్, మాంచాలగా జమున కనిపిస్తారు.

తర్వాతి కాలంలో పల్నాడు పేరు పౌరుషానికి గుర్తుగా మారింది. ‘పల్నాటి పౌరుషం’ (1994), ‘పలనాటి బ్రహ్మనాయుడు’ (2003) ఆ పేరును వాడుకున్న సాంఘిక చిత్రాలే తప్ప వీరగాథలు కావు.

బలాలు

వీరుడి తొలికథకు కావలసిన సరుకంతా ఈ గాథలో ఉంది. మార్పుకు కారణం చిన్నది, ఫలితం పెద్దది: బొంగరం ములికితో మొదలైన కదలిక రణరంగంలో ముగుస్తుంది. తమ్ముళ్లుగా మెలిగే వేర్వేరు కులాల కుర్రవాళ్లు వెంట ఉండటం వల్ల అతడి వీరం ఒంటరివాడిది కాదు. ఎదుటి పక్షంలో నాగమ్మ వంటి తెలివైన మంత్రి ఉండటం మరో బలం. ఆమె పాత్రకు కన్నాంబ, భానుమతి వంటి మేటి నటీమణులను ఎంచుకోవడమే దానికి సాక్ష్యం.

లోపాలు

ఈ కథ ఒక్క కుర్రవాడిది కాదు. యుద్ధానికి కారణాలన్నీ పెద్దల తరానివి. పందెం, వలస, రాయబారం చెప్పుకొచ్చాకే బాలచంద్రుడి వంతు వస్తుంది. సగం కథ నడిచాక వచ్చే వీరుడి మార్పుకు రెండున్నర, మూడు గంటల సినిమాలో దక్కే చోటు తక్కువ. పాటగా రాత్రుళ్లు సాగే గాథలో ఈ ఇబ్బంది లేదు. ఒక్కో ఘట్టాన్ని ఒక్కో రాత్రి పాడుకోవచ్చు.

నేటి పోలిక

ప్రశాంత్ వర్మ తీసిన ‘హను-మాన్’ 2024 జనవరి 12న విడుదలైంది. అంజనాద్రి అనే కల్పిత గ్రామంలో చిల్లర దొంగతనాలు చేసే హనుమంతు (తేజ సజ్జా)కు ఒక మణి వల్ల శక్తి వస్తుంది. ఊరిని, అక్క అంజమ్మ (వరలక్ష్మి శరత్‌కుమార్) ఆప్యాయతను గట్టిగా పట్టుకోవడం ఆ చిత్రం బలం. సూపర్ హీరో కావాలన్న పిచ్చితో చిన్ననాడే కన్నవాళ్లను చంపిన మైకేల్ పాత్రలో మాత్రం లోతు తక్కువ. నాగమ్మ పక్కన నిలబెడితే ఈ తేడా తెలిసిపోతుంది. మరో భేదం ముగింపులో ఉంది. ‘హను-మాన్’ రాబోయే సినిమాకు దారి వేస్తూ ముగుస్తుంది. బాలచంద్రుడి తొలికథే అతడి చివరికథ కూడా.

కారంపూడిలో ఏటా కార్తిక అమావాస్య నుంచి అయిదు రోజులు వీరారాధన జరుగుతుంది. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని ఆ రోజులకు పేర్లు. వీరుల ఆయుధాలైన కొణతాలకు పూజలు చేస్తారు. అక్కడ కథ వినడానికి వచ్చేవారికి బాలచంద్రుడు బతకడని ముందే తెలుసు. అతడు ఎలా బయలుదేరాడన్నదే వారికి ముఖ్యం.