96 (తమిళ సినిమా)

96 అనునది 2018 అక్టోబరు 4న విడుదలైన తమిళ చలనచిత్రము. పాఠశాలలో పరస్పరం ప్రేమించుకొని విడిపోయిన ఇద్దరు, ఇరువది సంవత్సరాలకు పైబడిన ఎడబాటు తరువాత ఒక్క రాత్రి కలుసుకొనుట ఇందలి ఇతివృత్తం. ఛాయాగ్రాహకుడైన సి. ప్రేమ్‌కుమార్‌కు దర్శకునిగా ఇది మొదటి చిత్రం. విజయ్ సేతుపతి, త్రిష ప్రధాన పాత్రధారులు. ఇదే కథ తెలుగులో 'జాను' పేరుతో 2020లో వెలువడినది.

కథ

రామచంద్రన్ (రామ్) దేశమంతా తిరిగే ఛాయాగ్రాహకుడు, అవివాహితుడు. తన విద్యార్థులతో వెళ్తూ తంజావూరులో తాను చదివిన బడిని చూస్తాడు. ఆ జ్ఞాపకాల ప్రేరణతో పాత మిత్రులందరూ చెన్నైలో సమావేశమవుతారు. వివాహమై సింగపూరులో స్థిరపడిన జానకి (జాను) కూడా వస్తుంది.

పదవ తరగతిలో వారిద్దరిదీ మాటలు తక్కువైన ప్రేమ. బాగా పాడే జాను, రామ్ కోరే ఒక్క పాటను మాత్రం పాడదు. ఆ పాట 1991 నాటి 'దళపతి' చిత్రంలోనిది. సెలవుల తరువాత బడి తెరిచేసరికి రామ్ ఉండడు. అప్పుల కారణంగా అతని తండ్రి రాత్రికి రాత్రే కుటుంబంతో ఊరు విడిచిపోతాడు.

కథకు కీలకం ఆ తరువాతి సంఘటన. జాను కళాశాలలో చదువుతుండగా రామ్ ఆమెను చూడటానికి వెళ్ళి కబురు పంపుతాడు. వచ్చినది అతడని తెలియక, ఎవరో విసిగిస్తున్నారనుకొని ఆమె కలవడానికి నిరాకరిస్తుంది. తనను వద్దన్నదని రామ్ వెనుదిరుగుతాడు. ఆమె పెళ్ళికి కూడా వచ్చి, దూరాన నిలిచి, చూడలేక వెళ్ళిపోతాడు. అతడు వస్తాడని ఆమె చివరి వరకు ఎదురుచూసినది. ఇవన్నీ ఒకరికొకరు చెప్పుకొనేది ఈ రాత్రే.

రామ్ విద్యార్థులు జానును అతని భార్యగా భావించినప్పుడు ఆమె వారించదు. పైగా కళాశాలలో తాము కలుసుకొన్నట్లు, పెళ్ళి చేసుకొన్నట్లు ఒక కథ అల్లి చెబుతుంది. జరగని జీవితాన్ని జరిగినట్లు వినడం రామ్‌కు ఎంత భారమో ఆ సన్నివేశంలో తెలుస్తుంది. చిత్రంలోకెల్ల ఉత్తమ ఘట్టం ఇదే అనవచ్చును. తరువాత రామ్ ఇంట్లో కరెంటు పోయినప్పుడు, ఆ చీకటిలో ఆమె నాటి పాటను పాడుతుంది. తెల్లవారుజామున ఆమెను విమానాశ్రయంలో దిగబెట్టి వచ్చి, ఆమె విడిచిన దుస్తులను బాల్యస్మృతులతో పాటు పెట్టెలో భద్రపరుస్తాడు. కథలో ఎవరూ కట్టుబాటు దాటరు. ప్రతినాయకుడు అసలే లేడు.

విశేషాలు

చిన్ననాటి రామ్‌గా ఆదిత్య భాస్కర్ (నటుడు ఎం. ఎస్. భాస్కర్ కుమారుడు), జానుగా గౌరీ కిషన్ నటించారు. మిత్రురాలు శుభ పాత్రను దేవదర్శిని, చిన్ననాటి శుభ పాత్రను ఆమె కుమార్తె నియతి పోషించడం చెప్పుకోదగ్గ విశేషం. సంగీతం గోవింద్ వసంత సమకూర్చాడు. కథానాయికకు గాయని ఎస్. జానకి పేరు పెట్టినట్లు చిత్రంలో చెప్పబడినది. ఆ గాయని స్వస్థలం రేపల్లె సమీపంలోని పల్లపట్ల గనుక, తంజావూరు కథలో తెలుగునేల జాడ ఈ విధంగా ఉన్నది.

ఇతర భాషలలో

కన్నడంలో '99' (2019) పేరుతో గణేష్, భావన నటించారు. తెలుగు చిత్రం 'జాను' 2020 ఫిబ్రవరి 7న విడుదలైనది. శర్వానంద్, సమంత నటించగా దిల్ రాజు నిర్మించాడు. దర్శకుడు, సంగీత దర్శకుడు, చిన్ననాటి జానుగా నటించిన గౌరీ కిషన్ మూలంలోని వారే. తంజావూరు స్థానంలో విశాఖపట్నం వచ్చినది. మూలాన్ని దాదాపు సన్నివేశానికి సన్నివేశంగా అనుసరించినను, తమిళంలో లభించినంత ఆదరణ దీనికి లభించలేదు. అప్పటికే చాలామంది తెలుగువారు తమిళ చిత్రాన్ని చూసి ఉండటం ఇందుకు ఒక కారణం కావచ్చు.

ప్రేమ్‌కుమార్ తమిళంలో తీసిన తరువాతి చిత్రం 'మెయ్యళగన్' (2024). తెలుగులో 'సత్యం సుందరం'గా వచ్చిన ఈ చిత్రంలో కూడా 1996లో తంజావూరు విడిచిపోయిన వ్యక్తి ఎన్నో ఏళ్ళకు తిరిగి వస్తాడు.