పేరు రాజుగారిది, పేట మనది



మా రాజుపాలెంలో ఆడపిల్ల పెళ్ళి కుదిరిందంటే మొదట వినబడే మాట, "పేటకెప్పుడు పోదాం?" అని. ఏ పేట అని ఎవరూ అడగరు. మాకు పేట అంటే నరసరావుపేటే. పట్టుచీరలకీ, పుస్తెలకీ, జ్వరం తగ్గని పిల్లవాణ్ణి డాక్టరుకు చూపించడానికీ కొండమోడు మీదుగా బస్సెక్కి అక్కడికే పోతాం. ఇన్నేళ్ళుగా పోయివచ్చే ఆ ఊరు ఎలా పుట్టిందో ఎప్పుడైనా ఆలోచించామా?

"పేట" అంటేనే అంగళ్ళుండే చోటు. అక్కడ మొదట ఉన్నది అట్లూరు అనే పల్లె. 1797లో మల్రాజు జమీందారులు అక్కడ పట్నం వెలయించారు. దానికి నరసారావుగారి పేరు నిలిచింది. దూరాన స్కాట్లండు దేశంలో కూడా అంతేనట. 12వ శతాబ్దంలో డేవిడ్ రాజు పట్టా ఇచ్చిన ఊళ్ళు వర్తకంతో పెరిగాయి. సంత నడుమ ఒక రాతిస్తంభం ఉండేది, చాటింపులన్నీ దాని దగ్గరే. ఎక్కడైనా సంత దొరల నీడన పుట్టిందే. కాని ఆ నీడ ఎన్నాళ్ళుంటుంది చెప్పండి?

1832-33లో నందన కరువు వచ్చింది. గుంటూరు జిల్లాలో సుమారు అయిదు లక్షల జనం ఉంటే, లక్షన్నర మందికి పైగా పోయారు. పంట లేదు, శిస్తు లేదు. బకాయిలు పేరుకుపోయి 1846 నాటికి జమీందారీ కుంపిణీవారి పరమైంది. దివాణం పోయింది గాని సంత పోలేదు సుమండీ! రాజుగారున్నా లేకున్నా ఇంటికి ఉప్పు కావాలి, బిడ్డకు గుడ్డ కావాలి కదా.

1915లో పేట పురపాలక సంఘమైంది. 1930 ప్రాంతంలో గుంటూరు-మాచర్ల రైలు వచ్చింది. 1967లో సాగరు కుడికాలువకు నీళ్ళు వదిలారు. అంతకుముందు జొన్నన్నమే తిన్నామనీ, వరి అన్నం పండగనాటి మాటేననీ మా అమ్మమ్మ చెప్పేది.

నీళ్ళొచ్చినా మెట్టరైతుకు పత్తీ మిరపే దిక్కు. ధర పడిపోయిన ఒక ఏడు మా అమ్మ గాజులు పేటలోనే తాకట్టుకు వెళ్ళాయి. పెళ్ళికి కొన్నదీ ఆ వీధిలోనే. రెండేళ్ళకు ఒక జత విడిపించుకున్నారు, రెండోది తిరిగి రాలేదు. ఆ తర్వాత కూడా అమ్మ ఆ వీధిలో నడిచేది, బేరమాడేది, నాకు లంగా గుడ్డ కొనేది. ఒక్కనాడూ ఆ కొట్టువైపు తలతిప్పి చూడలేదు. పేట చరిత్ర రాసేవారు ఈ గాజుల్ని లెక్కలోకి తీసుకుంటారా?

అంత కష్టంలోనూ శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్ళు మానలేదు. ఊరూరి నుంచీ ప్రభలు కదిలితే అప్పులవాళ్ళూ ఆస్తిపరులూ ఒకే తాడు పట్టి లాగవలసిందే. పేట గుణమూ అదే. పడ్డా లేస్తుంది, లేచి బేరం మొదలుపెడుతుంది.

2022 ఏప్రిల్ 4న పల్నాడు జిల్లా ఏర్పడి, నరసరావుపేట జిల్లా కేంద్రమయింది. కచేరీలు వచ్చాయి, సంతోషమే. దివాణాలు మారినా ఊరిని నిలబెట్టింది మాత్రం సంచీ పుచ్చుకుని సంతకు వచ్చిన మనలాంటివారే.

ఈసారి మీ పేటకు వెళ్ళినప్పుడు మీ అత్తగారినో అమ్మనో వెంట తీసుకువెళ్ళండి. ఏ కొట్లో ఏం కొన్నారో, ఏం పోగొట్టుకున్నారో అడగండి. వారు పోయాక చెప్పేవారుండరు.

సెలవు.