పత్తికి పరీక్ష పెట్టిన మాతుంగా

వందేళ్ల కిందట బొంబాయి బజారులో పత్తికి వెల కట్టేవి వ్యాపారి వేళ్లే. బేలులోంచి చిటికెడు దూది తీసి, సాగదీసి, పింజ పొడవు అంచనా వేసేవాడు. నంద్యాల వైపు సరుకు ‘నార్తరన్స్’, బళ్లారి, అనంతపురం వైపుది ‘వెస్టరన్స్’, గుంటూరు, కృష్ణా జిల్లాల ఎరుపు చాయ పత్తి ‘కోకనాడ’. పేరు వింటే పండిన సీమ తెలిసేది. ఆ దూదితో ఎంత సన్నని నూలు వస్తుందో మాత్రం వడికితే గాని తెలిసేది కాదు.

ఇండియన్ సెంట్రల్ కాటన్ కమిటీ 1924లో బొంబాయిలోని మాతుంగాలో ప్రయోగశాల తెరిచింది అందుకే. తొలి డైరెక్టరు ఎ. జేమ్స్ టర్నర్. అక్కడ దూదిని కొలవడమే కాదు, వడికి కూడా చూసేవారు. గట్టిదనం తగ్గకుండా ఏ కౌంటు దాకా వడకొచ్చో అదే ఆ రకం యోగ్యత. పౌను నూలులో 840 గజాల చిలపలు ఎన్ని వస్తే అన్ని కౌంట్లు. అంకె పెరిగేకొద్దీ నూలు సన్నం.

పింజ పొడుగ్గా ఉంటే దూది పోచలు ఒకదాన్నొకటి ఎక్కువ మేర పట్టుకుంటాయి. తక్కువ పురితోనే నూలు నిలుస్తుంది. అయితే పొడవు సమానమైన రెండు రకాలు ఒకే కౌంటు ఇవ్వాలని లేదు. పోచ సన్నదైతే అంతే లావు నూలులో ఎక్కువ పోచలు పడతాయి, బలం పెరుగుతుంది.

చిక్కు ఇక్కడే. సన్నని పోచ తేలికగా ఉంటుంది. పండని పోచ కూడా తేలికే. కాయలో పోచ మొదట పొడుగు సాగుతుంది. తర్వాత లోపల పొరలుపొరలుగా సెల్యులోజ్ పేరుకుంటుంది. ఈ రెండో దశలో నీరు చాలకపోయినా, తెగులు సోకినా పోచ గోడ పలచగా ఉండిపోతుంది. అలాంటివి యంత్రంలో చిక్కుపడి ‘నెప్స్’ అనే చిన్న ఉండలు కడతాయి. రంగు సరిగా పట్టక గుడ్డ మీద తెల్ల చుక్కలుగా తేలతాయి. అందుకే పోచల్ని 18 శాతం కాస్టిక్ సోడాలో ఉబ్బించి సూక్ష్మదర్శినిలో చూసేవారు. పండినవి కడ్డీల్లా నిలిస్తే, పండనివి చదునుగా ఉండిపోయేవి.

దేశ విభజనతో ఈ పని బరువు పెరిగింది. మిల్లులు చాలావరకు ఇటు ఉండిపోగా, మేలైన పత్తి పండే పశ్చిమ పంజాబ్, సింధ్ అటు పోయాయి. పొడుగు పింజ రకాలను ఇక్కడే పుట్టించాల్సి వచ్చింది. 1970లో సూరత్‌లో సి.టి. పటేల్ హైబ్రిడ్-4 తెచ్చారు. తర్వాత కోయంబత్తూరులో పుట్టిన సువిన్ 120 కౌంటు నూలుకు పనికొచ్చింది.

ఇప్పుడు మైక్రోనేర్ పరికరం నొక్కిపెట్టిన దూదిలోంచి గాలి పంపి, పోచ సన్నదనాన్నీ పక్వతనూ కలిపి ఒకే అంకెగా చెబుతుంది. అంకె తగ్గితే అది సన్నదనమో పచ్చిదనమో విడిగా తేల్చుకోవాలి. మద్దతు ధర పట్టికలో పింజ పొడవు పక్కన ఉండేది ఈ అంకే. తొలి తీత పత్తిలో చివరి తీత పత్తి కలపొద్దని రైతుకు చెప్పేది ఇందుకే: ఆఖరి కాయల్లోని పచ్చి పోచలు మంచి సరుకు ధరను కూడా కిందికి లాగేస్తాయి.