కుక్క శిక్షణ, 'హిదాయా'లోని ఒక మాట

కుక్క మెడకు విద్యుత్ పట్టీ కట్టి, దూరం నుండి మీట నొక్కి షాక్ తగిలించే శిక్షణా పద్ధతిని వేల్స్‌లో 2010లో నిషేధించారు. కుక్క అనగానే మనవాళ్లకు పాత్ర ఎన్నిసార్లు కడగాలన్నదే గుర్తుకొస్తుంది. కాని దివ్యఖుర్ఆన్ (5:4) వేటకుక్కకు శిక్షణనిచ్చే విషయం ప్రస్తావించింది.

శిక్షణ పూర్తయిందని ఎలా తెలుస్తుంది? పట్టిన వేటను మూడుసార్లు తినకుండా వదలాలని అబూ యూసుఫ్, ముహమ్మద్ అన్నారు. ఇమాం అబూ హనీఫా సంఖ్య చెప్పలేదు. వేటగాని అభిప్రాయానికే వదిలారు.

హిజ్రీ 593 (క్రీ.శ. 1197)లో మరణించిన మర్గీనానీ 'హిదాయా'లో మరో తేడా చూపారు. డేగ పిలిస్తే తిరిగివస్తే చాలు. దాని శరీరం దెబ్బకు తాళదు. కుక్క శరీరం తాళుతుంది గనుక కొట్టి తినడం మాన్పించవచ్చు. మదర్సాలో ఈ వాక్యాన్ని అలాగే దాటిపోయాను. అనువదించబోతే 'తాళడం' అన్న మాట దగ్గర కలం ఆగింది. ఈ అనుమతి కుక్క నీచమైనదని ఇచ్చింది కాదు. తాళగలదని ఇచ్చింది. తాళలేని చోట అది లేనట్లే. హిజ్రీ 660లో మరణించిన ఇజ్జుద్దీన్ ఇబ్ను అబ్దిస్సలామ్ కూడా జంతువుల హక్కులు చెబుతూ శక్తికి మించిన భారాన్ని కాదన్నారు.

షాక్ స్వల్పమేనని పట్టీ సమర్థకులు అంటారు. కావచ్చు. కర్రతో కొట్టినవాడికి దెబ్బ బరువు చేతికి తెలుస్తుంది, కుక్క ఎదుటే ఉంటుంది. పొదల వెనుక కుక్క ఎంత తాళిందో మీట నొక్కినవాడికి కనబడదు. అతడు 'హిదాయా'ను తనకు సాక్ష్యంగా తెచ్చుకోలేడు.