వృద్ధుల ఏకాకితనం: కొలమానాల చరిత్ర

వయసు మళ్లినవారికి బంధుమిత్రులతో ఎంత రాకపోకలున్నాయో, కష్టమొస్తే ఎవరి ఆసరా ఉందో అడిగి, నలుగురికీ దూరమైపోతున్నవారిని గుర్తించడానికి పరిశోధకులు కొన్ని ప్రశ్నావళులు తయారుచేశారు. వాటిలో బాగా వాడుకలోకి వచ్చినది అమెరికా పరిశోధకుడు జేమ్స్ లబ్బెన్ 1988లో ప్రకటించిన లబ్బెన్ స్కేలు.

దీనికి ముందు నడిచిన కథలో ముఖ్యమైన ఘట్టం లండన్‌ది. సామాజిక శాస్త్రవేత్త పీటర్ టౌన్‌సెండ్ ఆ నగరపు తూర్పు భాగంలోని కార్మికవాడ బెత్నల్ గ్రీన్‌లో పింఛను వయసు వచ్చిన 203 మందితో మాట్లాడాడు. ఎవరు వారంలో ఎందరిని ఎన్నిసార్లు కలుస్తున్నారో లెక్కవేసి, 1957లో 'ద ఫ్యామిలీ లైఫ్ ఆఫ్ ఓల్డ్ పీపుల్' అనే పుస్తకం వెలువరించాడు. మనుషుల రాకపోకలు లేకపోవడం వేరు, ఒంటరినన్న బాధ వేరు అని ఆయన విడదీసి చూపాడు. పలకరించేవారు తక్కువైనా దిగులుపడనివారు ఉన్నారు. చుట్టూ పిల్లలున్నా, భర్తనో భార్యనో పోగొట్టుకుని కుమిలిపోయేవారూ ఉన్నారు. ఆ బాధకు అసలు కారణం చాలాసార్లు ఆప్తుల మరణమేనని ఆయన వాదించాడు. ఈ విషయంలో ఇంత మేలిమి పరిశీలన తర్వాత కూడా అరుదుగానే వచ్చింది. బాధను కొలిచే పని వేరే దారిలో సాగి, 1978లో లాస్ ఏంజెలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం పేరుతో 20 ప్రశ్నల స్కేలు వచ్చింది.

సంబంధాల లెక్క ప్రాణాల లెక్క కూడా అని తేలింది 1979లో. కాలిఫోర్నియాలోని అలమీడా కౌంటీలో 1965లో సర్వే చేసిన 6,928 మంది పెద్దల సమాచారాన్ని లీసా బర్క్‌మన్, లెనార్డ్ సైమ్ తీసుకుని తొమ్మిదేళ్ల మరణాలతో పోల్చారు. పెళ్లి, బంధుమిత్రులు, చర్చి, సంఘాలు అనే నాలుగింటి ఆధారంగా వారు ఒక సూచిక కట్టారు. సంబంధాలు బాగా తక్కువున్నవారిలో మరణాల రేటు, ఎక్కువున్నవారితో పోలిస్తే, మగవారిలో 2.3 రెట్లు, ఆడవారిలో 2.8 రెట్లు కనిపించింది.

లబ్బెన్ ఈ సూచికనే వృద్ధులకు తగినట్టు మలిచాడు. మొదటి రూపంలో 10 ప్రశ్నలుండేవి. తర్వాత 12 ప్రశ్నల రూపం వచ్చింది. 2006లో ఆయన బృందం హాంబర్గ్, లండన్ నగరాల్లోనూ స్విట్జర్లాండ్‌లోని సోలోతర్న్‌లోనూ పరీక్షించి ప్రకటించిన ఆరు ప్రశ్నల రూపం వైద్యుడి గదిలో కొద్ది నిమిషాల్లోనే పూర్తవుతుంది. నెలకు ఒక్కసారైనా కలిసే లేదా కబురు తెలిసే బంధువులు ఎందరు? మనసు విప్పి సొంత విషయాలు చెప్పుకోగలిగినవారు ఎందరు? సాయం అడగగలిగినంత దగ్గరివారు ఎందరు? ఇవే మూడూ స్నేహితుల గురించి మళ్లీ అడుగుతారు. ఎవరూ లేకపోతే సున్నా, తొమ్మిది మందో అంతకన్నా ఎక్కువో ఉంటే 5. మొత్తం 30కి 12 కన్నా తక్కువ వస్తే ఏకాకి అయ్యే ప్రమాదం ఉన్నట్టు లెక్క. బంధువులను, స్నేహితులను విడివిడిగా అడగడం దీని పెద్ద బలం. కుటుంబం తప్ప మరెవరూ లేనివారు దీనివల్ల బయటపడతారు.

లోపం మొదటి ప్రశ్నలో ఉంది. పక్కవీధిలో ఉండి రోజూ వచ్చే కూతురు, డల్లాస్ నుంచి నెలకోసారి ఫోను చేసే కొడుకు అక్కడ సమానమే. ఆ తేడా కొంతైనా తెలిసేది సాయం గురించిన ప్రశ్నతోనే.

మన దేశంలో ఈ సంగతులు విస్తృతంగా తెలుసుకునే వీలు, వయసు పైబడేవారి స్థితిగతులపై దేశవ్యాప్తంగా విడతలుగా జరిగే లాసీ సర్వేతో కలిగింది. 2017–18లో మొదటి విడతగా ఆంధ్రప్రదేశ్, తెలంగాణలతో సహా దేశంలో 45 ఏళ్లు, ఆపైబడినవారు, వారి జీవిత భాగస్వాములు కలిపి 72,000 మందికి పైగా దీనిలో పాల్గొన్నారు. ఎవరితో కలిసి ఉంటున్నారన్నది ఇలాంటి సర్వేలలో తప్పక అడుగుతారు. లబ్బెన్ ఆరు ప్రశ్నల్లో మాత్రం అది లేదు, లేకపోవడమే సరైనది. కొడుకూ కోడలూ ఉన్న ఇంట్లో కూడా మనసు విప్పడానికి ఒక్కరూ లేని పెద్దవాళ్లుంటారు. వారిని కూడా లెక్కలోకి తేవాలంటే ఇంట్లో ఎందరున్నారని అడిగి ఆగిపోకూడదు.