మార్కులు వేయగలిగినంత భాష

1970ల మొదట్లో అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో రష్యన్ నేర్చుకున్నవాళ్ళలో కొందరికి పాఠం చెప్పింది ఒక యంత్రం. తెర మీద నారింజ రంగు అక్షరాలు వెలిగేవి. ఇంగ్లీషువే కాదు, రష్యన్ లిపి కూడా. తెరని వేలితో తాకితే ఎక్కడ తాకారో దానికి తెలిసేది. ఐఫోన్ రావడానికి ముప్పై అయిదేళ్ళ ముందు మాట ఇది. ఆ యంత్రం పేరు ప్లేటో. ఇవాళ ఫోన్‌లో స్పానిషో కొరియనో నేర్చుకుంటున్నవాళ్ళు చాలామంది ఆ పేరు విని ఉండరు గానీ, వాళ్ళు రోజూ చేసే కసరత్తుకి పాత చుట్టం అదే.

ఇంతకీ రష్యన్ ఎందుకు? ప్రేమతో కాదు, భయంతో. 1957లో సోవియట్ యూనియన్ స్పుత్నిక్‌ని ఎగరేసింది. మరుసటి ఏడాదే అమెరికా జాతీయ రక్షణ విద్యా చట్టం చేసి, విదేశీ భాషలు నేర్పడానికి డబ్బు కుమ్మరించింది. విస్కాన్సిన్ లాంటి చోట్ల మన తెలుగు చదువుకి ఊతమిచ్చిందీ ఆ చట్టమే. తెలుగుని అమెరికా తరగతి గదిలోకి తీసుకెళ్ళింది నన్నయ కాదు, స్పుత్నిక్ అంటే కాస్త అతిశయోక్తే గానీ అబద్ధం మాత్రం కాదు.

ఆ డబ్బుతో టేపు రికార్డర్లు, హెడ్‌ఫోన్లు పెట్టి లాంగ్వేజ్ ల్యాబులు కట్టారు. వాటి వెనకున్న నమ్మకం ఒక్కటే: భాష ఒక అలవాటు. విను, తిరిగి చెప్పు, సరిగ్గా చెప్తే వెంటనే మెప్పు. పావురాలతో ప్రయోగాలు చేసిన బి.ఎఫ్. స్కిన్నర్ 1958లో బోధనా యంత్రాల గురించి వ్యాసం రాశాడు. 1959లో చామ్‌స్కీ వచ్చి స్కిన్నర్ భాషా సిద్ధాంతాన్ని ఉతికి ఆరేశాడు. సిద్ధాంతం ఓడిపోతే మాత్రం, దాని కోసం కొన్న యంత్రాలు ఖాళీగా కూర్చోవు కదా.

ప్లేటో 1960లో డొనాల్డ్ బిట్జర్ అనే ఇంజనీరు చేతుల్లో మొదలైంది. అప్పట్లో కంప్యూటర్ మెమరీ ఎంత ఖరీదంటే, తెర మీద బొమ్మని నిలబెట్టడమే పెద్ద ఖర్చు. అందుకని 1964లో అతనూ సహచరులూ కలిసి ప్లాస్మా తెర కనిపెట్టారు. ఒకసారి వెలిగించిన చుక్క, ఆర్పేదాకా వెలుగుతూనే ఉంటుంది. తర్వాత మన డ్రాయింగ్ రూముల్లోకి వచ్చిన ప్లాస్మా టీవీ దాని వారసురాలే. పాఠాలు రాయడానికి ట్యూటర్ అనే ప్రోగ్రామింగ్ భాష ఉండేది. టీచర్లు కూడా నేర్చుకోగలిగేంత తేలిక.

కాన్‌స్టన్స్ కర్టిన్ బృందం రష్యన్ పాఠాలు తయారు చేసింది. రిచర్డ్ స్కాన్లన్ లాటిన్ పాఠాలు రాశాడు. విద్యార్థి జవాబు టైపు చేయగానే యంత్రం దాన్ని మాట మాటకీ విడగొట్టి చూసేది. స్పెల్లింగ్ తప్పిన మాట కింద ఒక రకం గీతలు, అక్కర్లేని మాట కింద ఇంటూ గుర్తులు. వారం తర్వాత ఎర్ర సిరాతో తిరిగొచ్చే పేపరుతో పోలిస్తే ఇది వరమే. పైగా యంత్రం విసుక్కోదు, నలుగురిలో నవ్వదు.

అయితే కర్టిన్ బృందం రష్యన్‌లో ఎంచుకున్నది అనువాదం. సంభాషణ కాదు. అది వాళ్ళ చేతకానితనం కాదు, యంత్రం పెట్టిన హద్దు. అనువాదానికి సరైన జవాబులు ముందే రాసిపెట్టుకోవచ్చు. ‘ఎలా ఉన్నావు?’ అనడిగితే ‘అమ్మ ఊరెళ్ళింది, ఇల్లు బోసిగా ఉంది’ అని ఎవరైనా అంటే అది చక్కటి భాష. యంత్రం లెక్కలో మాత్రం తప్పు. దిద్దగలిగిందే పాఠమైంది. (1968 నాటి ‘2001: ఎ స్పేస్ ఒడిస్సీ’ సినిమాలో మాట్లాడే కంప్యూటర్ హాల్ తాను పుట్టింది అర్బానాలోనే అని చెప్పుకుంటుంది. నిజం అర్బానాలో పుట్టిన యంత్రం రికార్డు చేసిన గొంతు వినిపించగలదు. మనం మాట్లాడితే మాత్రం దానికి వినపడదు.)

తమాషా ఏంటంటే, ఇదే ప్లేటో మీద 1973లో మనుషులు మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. పదిహేడేళ్ళ డేవిడ్ వూలీ సిస్టమ్‌లో లోపాలు తెలియజేయడానికని నోట్స్ అనే ప్రోగ్రాం రాశాడు. జనం దాన్ని కబుర్ల అరుగు చేసేశారు. అదే ఏడాది డగ్ బ్రౌన్ చేసిన టాకొమాటిక్‌లో అయిదుగురు ఒకే తెర మీద మాట్లాడుకోవచ్చు. ఎంటర్ కొట్టేదాకా ఆగక్కర్లేదు, అవతలివాళ్ళు ఒక్కో అక్షరం కొడుతుంటే చూస్తూ ఉండొచ్చు. తడబాటూ, చెరుపుకోవడమూ అన్నీ కనిపిస్తాయి. భాష నేర్చుకునేవాడికి ఇంతకన్నా ఏం కావాలి? కానీ ఇవి రెండూ పాఠాలుగా పుట్టలేదు. మార్కులు వేయడానికి వాటిలో ఏమీ లేదు.

2012లో అందరికీ తెరిచిన డుయోలింగోలోనూ ఇలాంటి ద్వారం ఒకటి ఉండేది. దాని వ్యవస్థాపకుల్లో ఒకరైన లూయిస్ వాన్ ఆన్ అంతకుముందు రీక్యాప్చాతో, మనం వెబ్‌సైట్లలో వంకర అక్షరాలు గుర్తుపట్టి కొట్టే శ్రమని పాత పుస్తకాల డిజిటైజేషన్‌కి వాడినవాడు. ఇక్కడా అదే ఆలోచన: నేర్చుకునేవాళ్ళు అసలైన వ్యాసాల్ని అనువదిస్తారు, కంపెనీ ఆ అనువాదాన్ని అమ్ముకుంటుంది. 2013లో సీఎన్‌ఎన్, బజ్‌ఫీడ్‌లతో ఒప్పందాలు కుదిరాయి. ఉచిత చాకిరీ అని విమర్శించొచ్చు, నేనూ విమర్శిస్తాను. అయినా ఒకరి వాక్యాన్ని ఇంకొకరు దిద్ది, ఈ మాట ఎందుకు, ఆ మాట ఎందుకు కాదు అని వాదించుకున్న చోటు కూడా అదే. కంపెనీ ఆదాయపు దారులు మారాయి, 2017లో ఆ విభాగం మూతపడింది. ప్రతి వాక్యం కింద జరిగే చర్చలకి 2022లో తెర దించారు. మిగిలింది మాటల ముక్కల్ని వరసలో పేర్చడం, ఖాళీలు పూరించడం, తెగకుండా కాపాడుకోవాల్సిన స్ట్రీక్.

2023 మార్చిలో డుయోలింగో జీపీటీ-4తో కొత్త సౌకర్యం తెచ్చింది: మీ జవాబు ఎందుకు తప్పో యంత్రమే వివరిస్తుంది. ఏడాది కిందటి దాకా ఆ పని ఎక్కడో కూర్చున్న ఇంకో నేర్చుకునేవాడు ఉచితంగా చేసిపెట్టేవాడు. కొత్త వివరణ మాత్రం మొదట్లో అన్నిటికన్నా ఖరీదైన చందా కట్టినవాళ్ళకే.